తబలా ఆగిన చోట

బర్రె పొదుగు కింద ఓదెలు వేళ్లు తమ పాటికి తాము ఆడుతున్నాయి. ఇత్తడి చెంబు అడుగున మొదట టింగుటింగుమన్న పాలధార కాసేపటికి సుయ్యిమంటూ, నురగ పేరుకున్నాక ఎవరో గుసగుసలాడినట్టు వినిపిస్తోంది. చెంబు ఎంతవరకు నిండిందో వంగి చూడక్కర్లేదు, చెవే చెప్తుంది. రోజు మొత్తం మీద కళ్లతో పనిలేని పని ఇదొక్కటే. అందుకే తెల్లవారుజామున ఈ కాస్తసేపూ ఆయన గుండె దాని చోట అది నెమ్మదిగా ఉంటుంది.

కానీ ఇవాళ శుక్రవారం, బైస్కోపు హాలులో కొత్త బొమ్మ పడే రోజు. పాలు పితుకుతున్నా మనసు పాల మీద లేదు. బర్రెకు కూడా అది తెలిసినట్టుంది, తోకతో ఆయన మొహం మీద ఒక్కటి చరిచింది.

చంద్రమ్మ వచ్చి చెంబు అందుకుంది. భర్త చేతుల వంక ఒక నిమిషం చూసింది.

"ఏంది, చేతులు వణుకుతున్నయ్?"

"సలికి."

ఉగాది దగ్గర పడుతోంది, రాత్రిళ్లు ఇంట్లో ఉక్కపోతకు నిద్ర పట్టడం లేదు. అయినా ఆమె సరేనంది. గౌలిపురలో ఆ వరస ఇళ్లన్నిటికీ ఆమె పాలు పోసి వస్తుంది. ఏడాది కిందటి దాకా ఆ తిరుగుడు ఓదెలుది. మోకాళ్ల నొప్పులని చెప్పి మానుకున్నాడు. ఆమె అప్పుడూ సరేనంది.

ఆ ఇంట్లో ఈ ఏడాదిగా ఒక్క వస్తువూ చోటు మారలేదు. చెప్పులు గడపకు కుడిపక్కన, తువ్వాలు దండెం మొదట్లో, మంచినీళ్ల కూజా గూట్లో. చెయ్యి చాపితే చాలు, కావలసింది చేతికి వస్తుంది. అది తన అదృష్టమనీ, తన కళ్ల సంగతి పెళ్లానికి తెలియకుండా నెట్టుకొస్తున్నాననీ ఓదెలు లోలోపల సంతోషిస్తున్నాడు. మగవాళ్ల అమాయకత్వానికి మందు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!

ఓదెలుకు యాభై దాటాయి. బక్కపలచని మనిషి. ఎడమ భుజం కుడిదాని కంటే కాస్త జారి ఉంటుంది, ఏళ్ల తరబడి హార్మోనియం తిత్తి తోసిన గుర్తు అది. వేళ్లు మాత్రం ఆ ఒంటికి అతకవు. పొడుగ్గా, మెత్తగా, పెద్దింటి బిడ్డవి తెచ్చి అతికించినట్టుంటాయి. పాలవాళ్ల ఇంట్లో పుట్టినవాడికి హార్మోనియం ఎలా అబ్బిందంటే, శనివారం శనివారం హనుమంతుడి గుడిలో జరిగే భజనలో అబ్బింది. ఆ తర్వాత ఒక నాటకాల కంపెనీ ఊళ్లో డేరా వేస్తే వాళ్లకు పాలు పోయడానికి వెళ్లి, పాలు పోసి రాకుండా పాటలు నేర్చుకుని వచ్చాడు. కంపెనీ వెళ్లిపోయింది, వేళ్లకు అంటిన పాటలు పోలేదు. బైస్కోపు వచ్చాక ఉస్మాన్‌గంజ్ గోదాముల వెనక రేకుల హాలు లేచింది. తెర ముందు మోకాలి లోతు గుంట తవ్వి, చెక్కలు పరిచి, ఓదెలును అందులో కూర్చోబెట్టారు.

బొమ్మకు నోరు లేదు. దాని నోరు ఓదెలు హార్మోనియం పెట్టె. రాణి ఏడిస్తే పెట్టె ఏడవాలి, గుర్రం దౌడు తీస్తే పెట్టె దౌడు తీయాలి. వినడానికి ఇంతే. కానీ పాటకు మొదలూ తుదీ ఉంటాయి, తెర మీది కథ దాన్ని ఖాతరు చేయదు. ఇక్కడ పల్లవి ఎత్తుకునేలోపు అక్కడ రాకుమారి తోటలోంచి వెళ్లిపోతుంది. చరణం మధ్యలో ఉండగా మంత్రి కత్తి దూస్తాడు. పాట తల ఎక్కడ కోయాలి, తోక ఎక్కడ తుంచాలి, తోట పాటను కత్తి పాటకు వినేవాడికి కుట్టు కనబడకుండా ఎలా అతకాలి అన్నది ఆ క్షణాన తెర మీద ఉన్నది చూసి తేల్చుకోవాలి. దానికి తోడు యంత్రం తిప్పేవాడు చేత్తో తిప్పేవాడాయె. వాడికి ఆకలేస్తే పెళ్లి ఊరేగింపు కుక్కలు తరిమినట్టు పరుగెత్తేది. వాడు కునికితే శవయాత్రకు తెల్లారేది. వీటన్నిటికీ సరిపడేట్టు ఓదెలు ఏళ్ల తరబడి పాటలు కోసి తొడిగాడు. ఒక్క బొమ్మకూ బిగుతు కాలేదు, ఒక్కదానికీ వదులు కాలేదు.

అలాంటివాడి కళ్లలో పొగ కమ్మింది. మొదట దీపాల చుట్టూ వలయాలు కనిపించాయి. తర్వాత మనుషుల మొహాలు చెరిగిపోయాయి. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి, కదిలేదేదో కదులుతోందని తెలుస్తుంది, అంతే. ఏటి ఒడ్డున పెద్ద దవాఖానాలో చూపించుకుంటే, కంట్లో శుక్లం ఇంకా పండలేదు, పండినాక రా, కోస్తామన్నారు. పండేదెప్పుడు, కోసేదెప్పుడు! ఈలోగా హాలు మేనేజరుకు తెలిస్తే గుంటలోంచి లేపి పంపించేస్తాడు. పోతే జీతమే కదా, చంద్రమ్మ బర్రెలు ఉండనే ఉన్నాయి కదా అంటారేమో. ఓదెలు భయం జీతం గురించి కాదు. ఆ గుంటలో కూర్చున్నంతసేపూ ఆయన హార్మోనియం ఓదెలు. బయట కూర్చుంటే గుడ్డి ఓదెలు. 

ఓదెలు లెక్కన ఈ సంగతి లోకంలో తెలిసినవాడు ఒక్కడే. గుంటలో పక్కన కూర్చునే తబలా దస్తగీర్.

దస్తగీర్ పగలంతా దర్జీ. పత్తర్‌గట్టి వెనక గల్లీలో మెట్ల కింద గూడంత దుకాణం. సాయంత్రం తబలా. ఓదెలు పాట ఒకరోజు దారి తప్పగానే ఆయన సంగతి కనిపెట్టేశాడు. అయ్యో అనలేదు, ఓదార్చలేదు. మర్నాడు దుకాణంలో కూర్చోబెట్టి తబలా మీద గుర్తులు నేర్పించాడు. అంచు మీద గోళ్లతో గబగబా కొడితే గుర్రాలు. ఎడమచేతి కింది డగ్గా మీద అరచేత్తో గుర్రుమని రుద్దితే మంత్రి వస్తున్నాడు. మెత్తగా ఊయలలా నడిస్తే తోట. డగ్గా మీద ఒకే ఒక్క బరువైన జారుడు పడిందంటే తల్లి ఏడుపు. జనానికి అదంతా తాళమే. ఓదెలుకు మాత్రం అది చూపు.

చావు దగ్గర మాత్రం ఇద్దరికీ చిన్న వాదులాట జరిగింది. తమ ఇళ్లలో డప్పు లేకుండా శవం లేవదని ఓదెలు అన్నాడు. తమ ఇళ్లలో చావు దగ్గర బాజా ఉండదు, తెర మీది చావైనా సరే, తన చెయ్యి లేవదన్నాడు దస్తగీర్. చివరికి రాజీకొచ్చారు. బొమ్మలో ఎవరైనా చనిపోతే దస్తగీర్ పద్ధతి ప్రకారం తబలా ఆగిపోతుంది. ఓదెలు పద్ధతి ప్రకారం హార్మోనియం ఏడుస్తుంది. తబలా ఆగిందంటే తెర మీద ప్రాణం పోయినట్టే. ఆ గుర్తు ఏడాదిగా ఒక్కసారి తప్పలేదు. ఆ చోట జనం వెక్కివెక్కి ఏడ్చేవారు. పక్క గోదాముల్లో మిరపకాయ బస్తాల ఘాటు కూడా కొంత సాయం చేసేదనుకోండి.

ఇంతా చేసి గడ్డు రోజు ఇవాళ వచ్చింది. నిన్న మేనేజరు బాబురావు గుంట దగ్గరికి వచ్చి, రేపు కొత్త బొమ్మకు సేఠ్ స్వయంగా వస్తున్నాడని చెప్పాడు. సేఠ్‌కు బేగంబజారులో గిన్నెల దుకాణం, ఈ హాలు ఆయనదే. పెద్ద హాళ్లలో మాట్లాడే బొమ్మలు ఆడుతున్నాయి. అలాంటి యంత్రం కొనేదాకా గ్రామఫోను ప్లేట్లు పెడితే సరిపోతుందా, లేక బాజావాళ్లను ఉంచుకోవాలా అన్నది ఆయన విని తేలుస్తాడట. కథ ఏమిటని దస్తగీర్ అడిగితే బాబురావు తనకు తెలిసినంత చెప్పాడు. రాణి కొడుకును మంత్రి ఎత్తుకుపోతాడు, ఆమె పిచ్చిదై ఊళ్లు తిరుగుతుంది. చివర రాణి బతుకుతుందో చస్తుందో తనకు తెలియదు, ఆఖరి రీలు తాను చూడలేదన్నాడు.

అదీ ఓదెలు చేతులు వణకడానికి కారణం.

మధ్యాహ్నం కాకముందే ఇంట్లోంచి బయలుదేరాడు. చంద్రమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెడితే సగం తిని లేచాడు. శాలిబండ రోడ్డు ఆయన కాళ్లకు కంఠతా వచ్చు. ఎడమపక్క గోడ పట్టుకుని నడిస్తే కొలిమి వేడి తగులుతుంది, తర్వాత అత్తరు వాసన, ఆ తర్వాత తలమీద ఎండ ఒక్కసారి తెగి చల్లబడితే చార్మినార్ కమాను కిందికి వచ్చినట్టు. అక్కడ టాంగాల రద్దీలో మాత్రం ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నడవాలి. ఎవడో తోపుడుబండి ఇరుసుతో మోకాలి మీద గట్టిగా తగిలించి పోయాడు. కళ్ల నీళ్లు తిరిగాయి. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని నడిచాడు. అరిస్తే, కనబడలేదా అంటారు.

దస్తగీర్ దుకాణం దగ్గరికి వస్తుండగానే ఓదెలుకు ఏదో తేడా వినిపించింది. కుట్టుమిషను చక్రం తిరగడం లేదు. బరువుగా ఊపిరి తీస్తున్న చప్పుడు మాత్రం వస్తోంది.

"భాయ్?"

"రా అన్నా, కూసో." గొంతులో మామూలు హుషారు లేదు. దస్తగీర్ మెల్లగా అన్నాడు, "పొద్దుగాల సంది ఛాతీల బరువుగున్నది. వాయువు వట్టిందనుకుంట. బిల్కీస్ పోవద్దని లొల్లి వెట్టింది. జుమ్మా నమాజ్ చేస్కొని ఇంటికి వోయి పండుదామనుకుంటున్న. ఇయ్యాల ఒక్కరోజు ఇడిసిపెడ్తవా?"

చెప్పవలసిన మాట ఓదెలుకు తెలుసు. పోయి పడుకో భాయ్, ఏదైతే అదవుతుందని అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే తాను ఒక్కడే గుంటలో కూర్చున్నట్టూ, ఎదురుగా తెల్లటి పొగలో ఏవో కదులుతున్నట్టూ, వెనక సోఫాలో సేఠ్ చెవి రిక్కించి కూర్చున్నట్టూ అనిపించింది.

"ఇయ్యాల ఒక్కదినం రా భాయ్," అన్నాడు. "రేపటి సంది ఎన్ని దినాలైనా పండు. బాబురావుకు నేనే చెప్త. ఇయ్యాల సేఠ్ వస్తుండు. నువ్వు లేకుంటే నా బతుకు బజార్ల పడ్తది."

దస్తగీర్ చెయ్యి చాచి ఓదెలు మోకాలి మీద వేశాడు. ఇందాక ఇరుసు తగిలిన చోటే పడింది, ఓదెలు ఓర్చుకున్నాడు.

"ఫికర్ నక్కో. వస్త. నీ కండ్లు నా చేతులల్లనే ఉన్నయ్ గద, ఏడికి వోతయ్?"

దస్తగీర్ నమాజుకు వెళ్లి వచ్చాక, ఇద్దరూ నయాపూల్ దాటారు. మామూలుగా దస్తగీర్ ముందు నడుస్తాడు, ఓదెలు ఆయన చొక్కా కొస రెండు వేళ్లతో పట్టుకుంటాడు. చూసేవాళ్లకు ఇద్దరు ముసలి దోస్తులు మురిపెంగా పోతున్నట్టుంటుంది. ఇవాళ దస్తగీర్ వంతెన మీద రెండు చోట్ల ఆగాడు. ఏటిలో నీళ్లు ఎండిపోయాయని ఏదో చెప్పాడు. ఆగింది అందుకు కాదని ఓదెలుకు తెలుసు. వెనక్కి పోదామని అప్పుడైనా అనవచ్చు. అనలేదు. ఆలస్యమవుతుందేమోనన్న గుబులే ఆయన్ని తరుముతోంది.

హాలులో రేకుల వేడికి గుంట పొయ్యిలా ఉంది. దస్తగీర్ చెక్కల మీద బాసింపట్టు వేసుకుని, తెర కింది అరుగుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఓదెలు హార్మోనియం మీద మూడో నల్లమెట్టు నొక్కి పట్టాడు. దస్తగీర్ సుత్తె తీసుకుని తబలా అంచు చుట్టూ తట్టుకుంటూ, వార్ల కింది చెక్కముక్కలు దిగగొట్టుకుంటూ ఆ స్వరానికి బిగించసాగాడు. ఎప్పుడూ పదిసార్లు తట్టేలోపు కలిసిపోయేది. ఇవాళ మధ్యలో ఆపి ఊపిరి పీల్చుకుంటున్నాడు. చెమట చుక్క తబలా చర్మం మీద పడిన చప్పుడు ఓదెలుకు వినబడింది. తుడిచి మళ్లీ తట్టాడు. చాలా సేపటికి తబలా, నల్లమెట్టూ ఒకే గొంతుతో పలికాయి.

"అయ్యింది," అన్నాడు దస్తగీర్. "ఇగ రెండు దినాలు సుత్తె ముట్టే పని లేదు."

జనం వచ్చారు. ముందు బెంచీల మీద హమాలీలు, వెనక దుకాణాల గుమాస్తాలు, వెదురు పుల్లల చిక్ తెర అవతల ఆడవాళ్లు. పల్లీలు నమిలే చప్పుడు, బీడీ పొగ, మిరపకాయ ఘాటుకు తుమ్ములు. సేఠ్ వచ్చాడా అని ఓదెలు అడిగాడు. వెనక సోఫాలు చీకట్లో ఉన్నాయి, కనబడటం లేదన్నాడు దస్తగీర్. దీపాలు ఆరాయి. వెనక యంత్రం కరకరమంది.

డగ్గా మెల్లగా ఊగింది. తోట! ఓదెలు తోట పాట ఎత్తుకున్నాడు. ఊయల కాస్త సాగింది. రాణి బిడ్డను ఎత్తుకుని ఆడిస్తోంది కాబోలు. జోలపాట ముక్క ఒకటి అతికాడు. హమాలీలు అబ్బ అన్నారు. అరచెయ్యి గుర్రుమంది. జోలపాటను చరణం సగంలో కోసి కింది మెట్లకు దిగాడు. కుట్టు కనబడలేదు. గోళ్లు అంచు మీద పరుగెత్తాయి. వేళ్లు వాటి వెంట పరుగెత్తాయి. అరగంట గడిచేసరికి ఓదెలు భయం నెమ్మదించింది. ఏ కళ్లున్నవాడు ఇంతకంటే బాగా వాయిస్తాడు? సేఠ్ విననీ, బాగా విననీ అనుకున్నాడు.

రీలు మార్చడానికి దీపాలు వెలిగినప్పుడు దస్తగీర్ నీళ్లు తాగాడు. చెంబు అంచు పళ్లకు టకటక తగలడం ఓదెలుకు వినబడింది.

"నొప్పి ఎట్లున్నది?" అని ఓదెలు అడిగాడు. అడిగి, జవాబు చెడ్డదైతే ఏం చేయాలో తెలియక భయపడ్డాడు.

"బొమ్మ మస్తుగున్నది అన్నా," అన్నాడు దస్తగీర్. "రాణి నడుస్తుంటే మన చంద్రమ్మ వదిన లెక్కనే ఉన్నది. నెత్తిన పాలచెంబొక్కటే తక్కువ."

ఓదెలు పకాలున నవ్వాడు. దీపాలు ఆరాయి.

ఆఖరి రీలు. డగ్గా మీద ఒక్కొక్క జారుడూ పడుతోంది. రాణి పిచ్చిదై ఊరూరా తిరుగుతోందన్నమాట. ఓదెలు ఏడుపు పాట పట్టుకున్నాడు. జారుడుకూ జారుడుకూ మధ్య ఎడం పెరిగింది. యంత్రం వాడు కునుకుతున్నాడేమో, లేక రాణి అలిసిపోయి అడుగు తీసి అడుగు వేయలేకపోతోందేమో. ఓదెలు పాటను సాగదీశాడు. మాటల మధ్య గాలిని నింపాడు. ఇంకా నెమ్మదించింది. జనంలో పల్లీల చప్పుడు ఆగింది. ఎవరూ దగ్గడం లేదు. పాపం ఎంత దూరం నడుస్తోంది ఈ తల్లి అనుకున్నాడు ఓదెలు. ఒక జారుడు పడింది, చాలా మెత్తగా. తర్వాతిది పడలేదు.

ఓదెలు వేలు గాలిలో ఆగింది. విన్నాడు. తబలా లేదు. అయ్యో, రాణి పోయింది! కొడుకును కళ్లారా చూసుకోకుండానే పోయింది!

పై మెట్లన్నీ వదిలేసి అడుగున ఒకే ఒక్క స్వరం పట్టాడు. తిత్తి మెల్లగా తోశాడు. ఆ స్వరం గుంటలోంచి లేచి రేకుల కప్పు దాకా నిండిందనిపించాక, తన చిన్నప్పుడు తండ్రి శవం ముందు గౌలిపుర గల్లీలో పెద్దలు పాడిన సాగనంపే పాట ఎత్తుకున్నాడు. ఇంతకుముందు ఏ బొమ్మకూ అది వాయించలేదు. ఎందుకో వేళ్లు దానికే పోయాయి. చిక్ వెనక ఒక ఆడమనిషి వెక్కింది.

ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఈల పడింది. "అరే, తల్లి కొడుకు కలుసుకుంటే ఏడుపు పాటేందిరా?" అని ఒక గొంతు లేచింది. మరొకడు పల్లీ తొక్కలు విసిరాడు.

ఓదెలు తబలా వైపు చెవి పెట్టాడు. తల్లీ కొడుకూ కలుసుకున్నారా? అయితే రాణి బతికే ఉందా? పాట మార్చబోయాడు. కానీ తబలా లేవలేదు. జనం వెయ్యి అంటారు, దస్తగీర్ చెయ్యి తప్పదు. ఏడాదిగా ఒక్కసారి తప్పని చెయ్యి. జనాన్ని నమ్మాలా, దస్తగీర్‌ను నమ్మాలా? ఓదెలు దస్తగీర్‌నే నమ్మాడు. ఈలల మధ్య, గోలల మధ్య, ఆ పాటను చివరి చరణం దాకా, ఎక్కడా కోయకుండా, మొదలూ తుదీ ఉన్న నిండు పాటగా వాయించాడు. ఆ హాలులో ఆయన కోయకుండా వాయించిన పాట అదొక్కటే.

కళ్ల ముందు పొగ ఒక్కసారి తెల్లబడింది. బొమ్మ అయిపోయింది. తలుపులు తీశారు, సాయంత్రపు వెలుగు వచ్చింది. జనం ఏదో అనుకుంటూ వెళ్లిపోయారు. బాబురావు చెప్పులు టపటపలాడించుకుంటూ గుంట దగ్గరికి వచ్చాడు.

"ఏందయ్యా గిది? తల్లి కొడుకును గుర్తు వట్టి అలుముకుంటే సావు పాట వాయిస్తవా? కండ్లు కనవడ్తలేవా?"

ఓదెలు నోట ముందు ఒక్క మాటే వచ్చింది.

"సేఠ్... ఇన్నడా సాబ్?"

"సేఠ్ ఏడొచ్చిండు? దుకాణంల సరుకు దిగిందంట, రానే రాలేదు. నీ నసీబ్ మంచిగున్నది."

ఓదెలు గుండెల మీంచి బండ దించినట్టయింది. రాలేదు! సేఠ్ రానే రాలేదు! నవ్వు వచ్చింది. ఏడుపూ వచ్చింది. పక్కకు తిరిగాడు.

"ఇన్నవా భాయ్? సేఠ్ రానే రాలేదంట. ఉత్తగనే పరేషానైనం," అంటూ భుజం మీద చెయ్యి వేశాడు.

భుజం కదలలేదు. చెయ్యి మెల్లగా కిందికి జారి, మోచెయ్యి దాటి, మణికట్టు దాకా వెళ్లింది. దస్తగీర్ అరచెయ్యి డగ్గా మీద తెరుచుకుని ఉంది, ఇంకొక జారుడు జారుదామన్నట్టు. తల వెనక అరుగు చెక్కకు ఆనుకుని ఉంది. వేళ్లు చల్లబడుతున్నాయి. ఈ రేకుల వేడిలో, ఈ గుంటలో, ఆ వేళ్లు చల్లబడుతున్నాయి.

ఓదెలు పిలవలేదు. రెండోసారి తాకి చూడలేదు కూడా. తబలా ఎందుకు ఆగిందో ఆయనకు తెలిసిపోయింది.

బాబురావు వంగి చూశాడు. గొంతు మారిపోయింది. "ఎప్పుడు వోయిండు?" అన్నాడు. "పక్కనే కూసున్నవు గద, సూడలేదా?"

"నాకు కండ్లు కనవడవు సాబ్," అన్నాడు ఓదెలు. "ఏడాదాయె."

ఏడాదిగా ప్రాణంలా దాచుకున్న మాట అది. బాబురావు విన్నట్టే లేదు. టాంగా కోసం కేక వేయడానికి వాకిట్లోకి పరుగెత్తాడు.

నలుగురు వచ్చి దస్తగీర్‌ను పైకెత్తారు. ఎవరో నెమ్మదిగా దువా చదివారు. ఓదెలు గుంట అంచు పట్టుకుని నిలబడి ఆ అడుగుల చప్పుడు తలుపు దాటేదాకా విన్నాడు. బిల్కీస్‌కు తాను ఏం చెప్పాలి? పండుకుంటానన్నవాణ్ని రమ్మన్నది నేనే అమ్మా అని చెప్పాలి. చెప్పకుండా ఆ గడప తొక్కకూడదు. సేఠ్ రానేలేదన్న మాట కూడా చెప్పాలి, అది ఇంకా కష్టం. తమవాళ్ల చావు దగ్గర బాజా ఉండదన్న మనిషి చావుకు బాజా వాయించింది తానే. తప్పు చేశాడో, ఉత్తచేతులతో పంపకుండా మంచి చేశాడో ఆయనకు తెలియలేదు. కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

ఇంకొక టాంగా ఉంది రమ్మని వాకిట్లోంచి పిలుస్తున్నారు. ఓదెలు గుంటలోకి దిగి తడుముతూ కూర్చున్నాడు. తిత్తి ఒక్కసారి తోసి మూడో నల్లమెట్టు నొక్కాడు. ఎడమచెయ్యి చాచి వేలి కొసతో తబలాను తాకాడు. రెండూ ఒకే గొంతుతో పలికాయి.

ఆయన లేచి, అరుగు పట్టుకుని, గోడ పట్టుకుని, ఒక్కడే తలుపు వైపు నడిచాడు. వెనక గుంటలో, చెక్కల మీద, పక్కన సుత్తె పెట్టుకుని, మధ్యాహ్నం బిగించిన తబలా ఇంకా అదే శ్రుతిలో ఉంది.